రాయగడలో మా షాపు మొదటి వీఎంసీ: బాక్స్‌వేనా, ఎల్ఎం గైడా?

రాయగడ లేత్‌షాప్:
అందరికీ నమస్కారం. మా షాపుకు మొదటి వీఎంసీ (కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) కొందామనుకుంటున్నాం. పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్, టికిరి వైపు అల్యూమినా రిఫైనరీ, వీటి మెయింటెనెన్స్ జాబులు చేస్తాం. పంపు కేసింగులు, బేరింగ్ హౌసింగులు, ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ఫ్లాంజీలు. ఒకే రకం జాబు రెండోసారి వస్తే అదే గొప్ప. రెండు కొటేషన్లు చేతిలో ఉన్నాయి. ధర ఇంచుమించు ఒకటే, రెండూ బీటీ 40 (టూల్ పట్టే టేపర్ సైజు), రెండింటి స్పిండిల్ మోటారూ 7.5 కిలోవాట్లు. ఒకటి బాక్స్‌వే (చదునైన ఇనుప పట్టాల మీద జారే రకం), బెల్టుతో తిరిగే స్పిండిల్ (టూల్‌ని తిప్పే ఇరుసు), 6000 ఆర్‌పీఎం. రెండోది ఎల్ఎం గైడ్ (రైలు మీద బాల్స్ లేదా రోలర్ల బ్లాకులతో కదిలే రకం), డైరెక్ట్ డ్రైవ్ (మోటారు నేరుగా స్పిండిల్‌కే), 12000 ఆర్‌పీఎం, ర్యాపిడ్ (కట్ లేనప్పుడు కదిలే వేగం) నిమిషానికి 36 మీటర్లు. ఏది తీసుకోమంటారు?

గాజువాక టూల్‌రూం:
ఎల్ఎం తీసుకో తమ్ముడూ, ఆలోచించకు. ఇప్పుడు అందరూ కొనేది అదే. రేపు అమ్మాలన్నా బాక్స్‌వేకి గిరాకీ ఉండదు.

సునాబేడా మిల్లర్:
అన్నా, అందరూ కొంటున్నారని మనమూ కొనాలా? ఆయన చేసే పని చూడండి. ఎస్ఎస్ 316 ఫ్లాంజ్ మీద 80 ఎంఎం ఫేస్ మిల్లు పెట్టి, కటింగ్ స్పీడ్ నిమిషానికి 120 మీటర్లు ఇచ్చినా స్పిండిల్ తిరిగేది దాదాపు 480 ఆర్‌పీఎం. 12000 ఎవరికి కావాలి? పైగా 7.5 కిలోవాట్లు అన్ని స్పీడుల్లోనూ రావు. బేస్ స్పీడ్ (పూర్తి పవర్ మొదలయ్యే స్పీడ్) 1500 అయితే 480 దగ్గర చేతికొచ్చేది 2.4 కిలోవాట్లే. బెల్టు రిడక్షన్‌తో బేస్ స్పీడ్ 750కి దిగితే అదే చోట 4.8 వస్తుంది. సరిగ్గా రెట్టింపు. కొటేషన్‌లో ఈ అంకె పైకి కనిపించదు, టార్క్ గ్రాఫ్ (ఏ స్పీడులో ఎంత బలం వస్తుందో చూపేది) అడిగి తీసుకోవాలి. ఇవ్వడానికి నసిగితే ఆ మెషిన్ జోలికి పోకండి.

ఇక ర్యాపిడ్. 800 ఎంఎం స్ట్రోకు 36 మీటర్ల స్పీడుతో ఒకటిన్నర సెకన్ల లోపే అయిపోతుంది, ర్యాపిడ్ 20 మీటర్లే ఉన్నా రెండున్నర సెకన్లు. వేలల్లో పీసులు తీసేవాడికి అది డబ్బు. ఒక్క పీసు చేసేవాడికి అసలు టైమంతా క్లాంపింగు, డయల్ కొట్టడం (జాబు సరిగ్గా కూర్చుందో డయల్‌తో చూడటం), టూల్ ఆఫ్‌సెట్లలోనే (టూల్ కొలతలు మెషిన్‌లో ఎక్కించడం) పోతుంది. చేతిలో డబ్బు మిగిలితే ప్రోబ్ (జాబును తాకి కొలతలు తీసే పరికరం) పెట్టించుకోండి.

బరంపురం సీఎన్‌సీ:
గైడ్ ఏదైనా సరే, కంట్రోల్ మాత్రం మీ కుర్రాళ్లకు వచ్చిందే తీసుకోండి. మా దగ్గర ఐటీఐ నుంచి వచ్చేవాళ్లకు ఫానుక్ కంట్రోల్ తెలుసు, సీమెన్స్ కంట్రోల్ అంటే తడబడతారు. పారామీటర్ల (మెషిన్ సెట్టింగుల) బ్యాకప్ మొదటి రోజే తీసి పెట్టుకోండి. ఆ సెట్టింగులు చెరిగిపోకుండా కాపాడే ఫానుక్ మెమరీ బ్యాటరీ మార్చేటప్పుడు కంట్రోల్ ఆన్‌లోనే ఉండాలి. కరెంటు పోయే ఊళ్లలో ఈ ఒక్క పనికి ముహూర్తం చూసుకోవాల్సిందే! సర్వో స్టెబిలైజర్ (వోల్టేజీ నిలకడగా ఉంచేది) లేకుండా మెషిన్ దింపనే వద్దు.

గాజువాక టూల్‌రూం:
టార్క్ లెక్క ఒప్పుకుంటాను సునాబేడా గారూ. కానీ అది స్పిండిల్ సంగతి, గైడ్‌ది కాదు. రోలర్ ఎల్ఎంతో బెల్టు స్పిండిల్ ఉన్న మెషిన్లూ దొరుకుతాయి. బాక్స్‌వే వైబ్రేషన్ బాగా మింగుతుంది, నిజమే. కానీ అరిగితే స్క్రేపింగ్ (పట్టాలను చేత్తో గీకి చదును చేయడం) చేసే మేస్త్రి ఎక్కడ దొరుకుతాడు? వైజాగ్‌లోనే వెతుక్కుంటున్నాం. ఎల్ఎం అయితే రైలూ బ్లాకులూ విప్పి కొత్తవి వేస్తారు, అలైన్‌మెంట్ చూసి వెళ్లిపోతారు. షట్‌డౌన్‌లో మిల్లు వాళ్లు నెత్తిమీద కూర్చున్నప్పుడు మీకు కావాల్సింది అదే.

సునాబేడా మిల్లర్:
బాక్స్‌వే అరగడానికి లూబ్రికేషన్ సరిగ్గా చూసుకుంటే ఏళ్లు పడుతుంది. ఆపరేటర్ ఆఫ్‌సెట్ తప్పు కొట్టి టూల్‌ని జాబుకు గుద్దేయడం మాత్రం మొదటి నెలలోనే జరగొచ్చు. ఆ దెబ్బకు ఎల్ఎం ట్రాకు మీద గుంట పడితే ఫినిష్ మీద గీతలు కనిపిస్తూనే ఉంటాయి. కొత్తగా సీఎన్‌సీలోకి దిగే షాపుకు నేను బాక్స్‌వేనే చెబుతాను.

రాయగడ లేత్‌షాప్:
అందరికీ థాంక్స్. టార్క్ గ్రాఫులు అడిగాను. బాక్స్‌వే వాళ్లు వెంటనే పంపారు, రెండోవాళ్లు ఇంకా బ్రోచరే పంపుతున్నారు. మా ఎస్ఎస్ ఫ్లాంజ్ ఒకటి పట్టుకెళ్లి, మా ఇన్సర్టుతోనే (కట్టర్‌కు బిగించే కటింగ్ ముక్క) ట్రయల్ కట్ వేయిస్తాను. గాజువాక అన్నా, సర్వీస్ ఇంజనీర్ వైజాగ్‌లో ఉంటాడని రెండు కంపెనీలవాళ్లూ అంటున్నారు. మీకు వీలుంటే నిజంగా అక్కడ ఉన్నాడా, స్పేర్లు అక్కడే పెడుతున్నారా, కనుక్కుని చెబుతారా? కంపెనీల పేర్లు విడిగా మెసేజ్ పెడతాను.