అప్‌డేట్: సెకండ్ హ్యాండ్ గన్ (Gunn) ఆసిలేటర్ పనిచేస్తోంది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న 10.5 గిగాహెర్ట్జ్ గన్ ఆసిలేటర్‌కి (గన్ డయోడ్‌తో మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే పరికరం) పవర్ ఇస్తే వోల్టేజ్ 3 దగ్గరే ఆగిపోతోందని, ఆ తరంగాలను పసిగట్టే డిటెక్టర్‌లో ఏమీ రావట్లేదని అడిగాను కదా. సమస్య తీరింది. డయోడ్ పోలేదు!

పవర్ సప్లైలో కరెంట్ లిమిట్ పెంచి చూడమన్న సలహానే పనిచేసింది. గన్ డయోడ్ 3 వోల్టుల ప్రాంతంలోనే ఎక్కువ కరెంట్ లాగుతుంది, అది దాటాక తగ్గుతుంది. లిమిట్ తక్కువగా ఉంటే వోల్టేజ్ ఆ మిట్ట ఎక్కలేదు. పెంచగానే 8 వోల్టులకు వెళ్లింది, డిటెక్టర్ మీటర్ ముల్లు లేచింది. ఎదురుగా రేకు పెట్టి మెల్లగా జరిపితే సుమారు 14 మిల్లీమీటర్లకోసారి ముల్లు పైకి వస్తోంది. అది 10.5 గిగాహెర్ట్జ్‌కి సగం తరంగదైర్ఘ్యం, అంటే ఫ్రీక్వెన్సీ కూడా సరిగ్గానే ఉన్నట్టు. ఎంత సంతోషమేసిందో!

ఫ్రీక్వెన్సీ మార్చే ట్యూనింగ్ స్క్రూకి, లోపలి దుమ్ముకి ఈ సమస్యతో సంబంధం లేదు. ఇదే సమస్య ఉన్నవాళ్లు ముందే స్క్రూ కదపకండి. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.