పద్యరచన నేర్చుకొనేటప్పుడు ఏ సలహాను పట్టుకోవాలి?

నాగావళి:
రెండేళ్లుగా పద్యరచన నేర్చుకొంటున్నాను. ఛందస్సులలో ఆటవెలది కొంత చేతికి వచ్చింది కానీ కందం దగ్గర ఆగిపోయాను. ఒక పెద్దాయన కందంలో జగణం (లఘువు, గురువు, లఘువు వరుసగా వచ్చే గణం) జోలికే పోవద్దన్నారు. మరొకరు నిఘంటువు పక్కన పెట్టుకొని రోజుకు పది పద్యాలు రాయమన్నారు. ఇంకొకరు ఆరు నెలలు ఏమీ రాయకుండా చదవమన్నారు. ముగ్గురూ నా మేలు కోరి చెప్పినవారే కనుక ఎవరి మాటను పక్కన పెట్టాలో తెలియడం లేదు. ఈ దశ దాటి వచ్చినవారు తమకు ఏ సలహా తోడ్పడిందో, ఏది అడ్డుపడిందో దయచేసి చెప్పండి.

తుంగభద్ర:
నాగావళి గారూ, మొదటి సలహాలో సగం నిజం ఉంది, అందుకే దానితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కందంలో గగ, భ, జ, స, నల అనే అయిదు గణాలే, అంటే గురులఘువుల గుంపులే, వస్తాయి. బేసి గణాలలో జగణం రాకూడదన్న మాట సరైనదే. అయితే ఆరవ గణం, అంటే మొదటి పాదంలోని మూడు గణాల తరువాత రెండవ పాదంలో మూడవది, జగణమో నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి. నాల్గవ పాదానికీ ఇదే నియమం. జగణాన్ని పూర్తిగా విడిచిపెడితే అక్కడ ప్రతిసారీ నాలుగు లఘువులనే వెతుక్కోవలసి వస్తుంది. నేను ఇదే మాట నమ్మి ఏడాది పాటు అలాగే రాశాను. నా కందాలన్నీ ఒకే చోట ఒకే విధంగా పరుగెత్తేవి. చిన్ననాడు కంఠస్థం చేసిన ‘అక్కరకు రాని చుట్టము’ పద్యానికి గణవిభజన చేసి ఉంటే ఆ రోజే సందేహం తీరేది. అందులో రెండవ పాదం మూడవ గణం ‘నివేల్పు’, జగణం. నాల్గవ పాదంలో అదే చోట ‘గవలయు’, నలం. నియమం పేరుతో ఎవరేం చెప్పినా, మీకు నోటికి వచ్చిన మంచి పద్యం మీద దాన్ని ఒకసారి సరిచూసుకోండి.

పాలపిట్ట:
నాకు మేలు చేసిన సలహా ఒకే ఒక్క మాట మీద వేలు పెట్టింది. ఒక ఆటవెలదిలో రెండవ పాదంగా ‘వాన కురిసె గాదె వాడలోన’ అని రాశాను. ఆ పాదానికి కావలసిన అయిదు సూర్యగణాలు (‘వాన’, ‘కురిసె’ వంటి చిన్న గణాలు) సరిపోయాయి, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ రావలసిన జత అక్షరం) కుదిరింది, ఛందస్సును సరిచూసే సాఫ్ట్‌వేర్ కూడా తప్పేమీ చూపలేదు, బృందంలో చాలామంది అద్భుతమన్నారు. ఒకావిడ మాత్రం, ‘గాదె’ తీసేస్తే అర్థానికి వచ్చే లోటేమిటమ్మా అని అడిగి ఊరుకొన్నారు. లోటేమీ లేదు, అది గణం నింపడానికి పెట్టిన మాట. రెండు రోజులు దానితోనే గడిపి ‘వాన కురిసె రాత్రి వాడలోన’ అని మార్చాను. రాత్రి వచ్చి చేరగానే ఆరిపోయిన దీపమూ కారే చూరూ వెంట వచ్చాయి, మిగిలిన పాదాలు వాటి నుంచే పుట్టాయి. అదే పాదాన్ని మరొక పండితులు సంస్కృత సమాసంతో తిరగరాసి ఇచ్చారు. అది నా పాదం కన్నా బిగువుగా ఉన్నదని ఒప్పుకొంటాను, కానీ ఆ పద్యం వారిదైపోయింది. దాని నుంచి నేను నేర్చుకొన్నది లేదు.

వేపచెట్టు:
పాలపిట్ట గారితో ఒక విషయంలో విభేదిస్తాను. నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన సలహా నా పద్యాన్ని చూడకుండానే చెప్పినది. మేము న్యూజెర్సీలో ఉంటాము, చుట్టుపక్కల పద్యం చదివే గొంతు వినిపించదు. రాయడం ఆపి, రోజూ ఒక పద్యాన్ని పైకి చదవమని మా మేనమామ ఫోనులో చెప్పారు. అప్పట్లో ఆ మాటకు నొచ్చుకొన్నాను. నాలుగు నెలల తరువాత, గణాలు లెక్కపెట్టకముందే ఎక్కడ నడక తప్పిందో చెవికి తెలియసాగింది. అయితే నాగావళి గారికి ఆటవెలది నడక ఇప్పటికే వచ్చినట్లుంది కనుక, వారు రాయడం పూర్తిగా మానుకోవాలని నేను అనను.

తుంగభద్ర:
వేపచెట్టు గారు చెప్పినది సబబే. మీ మేనమామ గారికి మీ పద్యం తెలియకపోయినా మీ పరిస్థితి తెలుసు. రోజుకు పది పద్యాల మాట మాత్రం నాకు మింగుడు పడదు. ఆ వేగంలో ‘గాదె’ వంటి మాటలే చేతికి ముందుగా తగులుతాయి.

నాగావళి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నా పాత కందాలు పన్నెండింటిని గణవిభజన చేశాను. ఆరవ గణం పన్నెండింటిలోనూ నలమే. ఒకదానిలో జగణం పెట్టి తిరిగి రాస్తున్నాను, రెండవ పాదం ఇంకా కుదరలేదు. రేపు ఇక్కడ ఉంచుతాను. బాగుందో లేదో తరువాత చెప్పవచ్చు, ముందుగా ఏ మాట తీసేసినా నష్టం లేదో చూపండి.