ఆరు లక్షల్లో ఆరుగురికి పాత బండి: ఇన్నోవానా, ఎర్టిగానా, ట్రైబరా?

ఖమ్మం_రోడ్డు:
మేం ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న. ఉండేది ఎల్బీనగర్, సొంతూరు ఖమ్మం దగ్గర. బడ్జెట్ ఆరు లక్షలు, అదీ ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, చిన్నాచితకా రిపేర్లు అన్నీ కలిపి. నాన్నకి మోకాళ్ల నొప్పులు కాబట్టి కిందకి కూలబడే సీటు వద్దు. వారమంతా బండి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఉంటుంది, నెలకోసారి ఊరు, ఏడాదికోసారి తిరుపతి. ఇప్పటికి ఏడు సీట్ల బండ్లు మూడు చూశాను: 2012 టయోటా ఇన్నోవా డీజిల్, 2016 మారుతి ఎర్టిగా పెట్రోల్, 2020 రెనో ట్రైబర్. మా బావమరిది ఇన్నోవా తప్ప వేరే పేరు ఎత్తనివ్వట్లేదు. మీరేమంటారు?

డీజిల్_బాబాయ్:
మీ బావమరిది కాళ్లకి దండం పెట్టు తమ్ముడూ. ఇన్నోవాలో సీటు ఎత్తు పెద్దవాళ్లకి సరిగ్గా సరిపోతుంది, మూడో వరుసలో కూడా మనిషి మనిషిలా కూర్చోవచ్చు, ఏసీ గాలి వెనక్కి కూడా వస్తుంది. ఆ 2.5 లీటర్ డీజిల్ ఇంజన్‌ని సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల కిలోమీటర్లు దాటినా లాగుతుంది, ఖమ్మంలో ఏ షెడ్డుకి తీసుకెళ్లినా బానెట్ ఎత్తి చూసేవాడు దొరుకుతాడు. పైగా పాత బండి అంటేనే కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. ఇన్నోవా ఒక్కదానికే ఆ బాధ లేదు.

నాగోలు_షెడ్డు:
బాబాయ్, బండి మంచిదే, కాదనట్లేదు. కానీ మన దగ్గర ఇన్నోవా ఎక్కువగా నడిచింది ట్రావెల్స్‌లో. ఎల్లో బోర్డు తీసి ఓన్ ప్లేట్ చేయించి, మీటర్ తిప్పి, సీట్ కవర్లు కొత్తవి వేసి, "డాక్టర్ గారి బండి" అని అమ్ముతారు. పాత ఆర్సీలో, పాత ఇన్సూరెన్స్ కాగితాల్లో ట్యాక్సీ అని ఉందా అని చూడాలి. ఇంకోటి, 2012 బండికి ఆర్సీ గడువు 15 ఏళ్లు, అంటే 2027తో అయిపోతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకి రెన్యువల్ చేసుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ (పాత బండి మీద కాలుష్య పన్ను) ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజే 600 నుంచి 5000 చేశారు. ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్, టైమింగ్ బెల్ట్ వీటిలో రెండు ఒకేసారి వచ్చాయనుకోండి, ఆరు లక్షల బడ్జెట్ ఏడు దాటుతుంది.

డీజిల్_బాబాయ్:
ట్రావెల్స్ బండి అంటే ఎందుకంత భయం? హైవే మీద ఐదో గేర్‌లో తిరిగిన బండి, టైముకి ఆయిల్ మార్చిన బండి, గల్లీల్లో సగం క్లచ్ మీద నలిగిన బండి కంటే నయం కదా. ఇక్కడ రేటు ఎక్కువనిపిస్తే ఢిల్లీ బండి చూడు, అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి తక్కువకి వదిలేస్తారు.

నాగోలు_షెడ్డు:
ఢిల్లీ బండి తక్కువకి వస్తుంది నిజమే, ఇక్కడికి వచ్చాక ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం), ఇక్కడి నంబరు, బండి వయసుని బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన ట్యాక్స్ వెనక్కి తెచ్చుకోవడం మీ తిప్పలు. ఉద్యోగం చేసుకునే మనిషికి ఇంత తిరుగుడు ఎందుకండీ.

గుంటూరు_గోంగూర:
అందరూ ఇంజన్ గురించే మాట్లాడుతున్నారు. సామాను సంగతి ఎవరైనా అడిగారా? ఆరుగురు ఎక్కాలంటే మూడో వరుస లేపి ఉంచాలి. అప్పుడు 2016 ఎర్టిగాలో డిక్కీ 135 లీటర్లు, ట్రైబర్‌లో 84. అంటే రెండు స్కూల్ బ్యాగులు, ఒక చెప్పుల కవరు. ఊరి నుంచి వచ్చేటప్పుడు అత్తగారు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, రెండు కొబ్బరికాయల సంచులు ఎక్కిస్తారు, వద్దంటే ఊరుకోరు. అప్పుడు ఎవర్ని దింపుతారు అన్నయ్యా? ఎర్టిగా తీసుకుంటే 2018 నవంబర్ తర్వాత వచ్చిన మోడల్ చూడండి, అందులో 209 లీటర్లు, వెనక కాళ్లకి కూడా కాస్త చోటు పెరిగింది. మీ బడ్జెట్‌కి కొంచెం పైనే ఉంటుంది, అది వేరే సంగతి. లేదంటే పైన క్యారియర్ వేయించుకోండి.
ఒక్క ఉపాయం ఉంది. మూడో వరుసలో సీట్లు విడివిడిగా మడతపడతాయి. ఆరో మనిషి చిన్నపిల్ల అయితే వెనక ఒక సీటు లేపి, రెండోది మడిచి, ఆ సగంలో సామాను పెట్టుకోవచ్చు. ట్రైబర్‌లో అయితే ఆ సీటుని ఊడదీసి ఇంట్లోనే పెట్టి రావచ్చు. కొనేముందు ఇలా పెట్టి చూడండి, షోరూమ్‌లో ఖాళీ డిక్కీ చూసి మురిసిపోవద్దు.

పొడుగు_డిక్కీ:
అసలు ఏడు సీట్లెందుకు? ఐదు లక్షల్లో మంచి మారుతి సియాజ్ సెడాన్ వస్తుంది, 510 లీటర్ల డిక్కీ, వెనక సీట్లో కాళ్లు బార్లా చాపుకోవచ్చు. తిరుపతికి రైలు ఉంది. ఏడాదికి ఒక్కసారి కోసం పెద్ద బండిని రోజూ పోషించడం దండగ.

ఖమ్మం_రోడ్డు:
బ్రో, నెలకోసారి ఊరికి కూడా ఆరుగురమే. ఐదుగురి ఆర్సీ ఉన్న బండిలో చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కడం నాకు ఇష్టం లేదు. పైగా సెడాన్‌లోంచి లేవాలంటే నాన్నకి ఇద్దరు చెయ్యందించాలి.

పొడుగు_డిక్కీ:
సరే, ఆరుగురూ ప్రతి నెలా అంటే నా మాట చెల్లదు. కానీ ఇది చదివే మిగతావాళ్లు మాత్రం ఇంట్లో నలుగురే ఉండి "ఎవరైనా వస్తే" అని ఏడు సీట్లు కొనకండి.

ఫ్లైఓవర్_కింద:
ట్రైబర్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదు. నాలుగు మీటర్ల లోపు బండి, ఎల్బీనగర్ పార్కింగ్‌లో స్తంభాల మధ్య దూరుతుంది. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసిన క్రాష్ టెస్టులో పెద్దవాళ్ల భద్రతకి 4 స్టార్లు వచ్చాయి, 2019లో కొత్త ఎర్టిగాకి వచ్చింది 3. మూడో వరుస తీసేస్తే 625 లీటర్ల డిక్కీ, ఆరుగురూ ఎక్కని రోజుల్లో పనికొస్తుంది. ఇంకో మాట, 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, కొత్త ట్రైబర్ రేటే దిగింది. పాతది అమ్మేవాడు ఇంకా పాత రేటే చెబుతుంటే గట్టిగా బేరం ఆడండి.
దాని లోపం కూడా చెప్తాను. ఒక లీటర్ ఇంజన్, 72 హార్స్‌పవర్. ఆరుగురు, ఏసీ, సామాను ఉంటే ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందే ఆలోచించుకోవాలి. తిరుమల ఘాట్ ఎక్కుతుంది, కానీ రెండో గేర్‌లో ఓపిగ్గా.

డీజిల్_బాబాయ్:
ఓపిక ఉన్నవాడు ఎడ్లబండే కొనుక్కోవచ్చు.

నాగోలు_షెడ్డు:
ఏ బండైనా సరే, ఇవి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి సర్వీస్ రికార్డు అడగండి, ప్రతి సర్వీస్‌లో కిలోమీటర్లు రాసి ఉంటాయి కాబట్టి మీటర్ తిప్పారో లేదో తెలిసిపోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో చాలా బండ్లు మునిగాయి, అలాంటివి కడిగి మార్కెట్‌లోకి తెస్తారు. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద మరక ఉంటుంది. కాళ్ల కింద కార్పెట్ లేపండి, స్టెప్నీ గుంతలో, సీట్ బోల్టుల దగ్గర తుప్పు చూడండి. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. "మీరొస్తారని ముందే వేడి చేసి పెట్టాను" అంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి.
కాగితాల్లో ఫారం 29, 30 (ఓనర్ పేరు మార్చేవి) మీద సంతకాలు, లోన్ ఉంటే ఫారం 35 (ఆర్సీలోంచి లోన్ తీయించేది), బ్యాంకు ఎన్‌ఓసీ. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరుకి మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) అమ్మినవాడిది, బండితో రాదు, ఆ తేడా మీరే కట్టాలి. దీన్ని లెక్కలో వేసుకోనివాళ్లే ఎక్కువ.

గుంటూరు_గోంగూర:
దానికి తోడు నాన్నగారిని తీసుకెళ్లి ఎక్కించి దింపి చూడండి. డోర్ తీసి ఆయనంతట ఆయన కూర్చోగలిగితేనే డబ్బు మాట.

ఖమ్మం_రోడ్డు:
ఇన్నోవా వదిలేశాను, బావమరిదికి ఇంకా చెప్పలేదు. ఆదివారం అమ్మానాన్నల్ని, పిల్లల్ని, ఒక సూట్‌కేసుని తీసుకుని ఎర్టిగా, ట్రైబర్ రెండూ ఎక్కి చూస్తాం. మనసు ఎర్టిగా వైపే ఉంది, సింగిల్ ఓనర్, సర్వీస్ రికార్డు ఉందంటున్నాడు. ఐదు ఎనభై చెబుతున్నాడు, ఎంతకి అడగాలి?

నాగోలు_షెడ్డు:
ఐదు ఎనభైకి కొంటే ఇన్సూరెన్స్‌కే డబ్బు మిగలదు. టైర్ల పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఐదారేళ్లు దాటిన టైర్లయితే నాలుగు కొత్త టైర్ల రేటు ముందే తీసేసి, ఐదు ఇరవై దగ్గర మొదలుపెట్టండి.