అడిగిన నీళ్లే ఇచ్చి, ఆ నీళ్లతోనే వంచిన దేవుడిది ప్రేమేనా?

మర్రిగూడ ఆడపడుచు:
మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నాకు ఏడేళ్లప్పుడు బోరు వేశారు. అంతకుముందు మూడు ఎండాకాలాలు వరసగా బావులు అడుగంటాయి. బండి రాగానే పూజారి కొబ్బరికాయ కొట్టారు, మా పాస్టర్ గారు ప్రార్థన చేశారు, ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టారు. 160 అడుగుల దగ్గర బూడిద రంగు బురద ఎగజిమ్మింది, వెనకే నీళ్లు. మా అమ్మ ఆ బురదలోనే మోకరించి ఏడ్చింది. "అడగగానే ఇచ్చే తండ్రి" అని ఆదివారం సాక్ష్యం కూడా చెప్పింది.

అందులో ఫ్లోరైడు ఉందని తెలియక ఆ నీళ్లే తాగాం. నా పళ్ల మీద గోధుమ రంగు చారలు వచ్చాయి. అమ్మకు నలభై దాటాక ముందు నడుము, తరవాత మెడ బిగుసుకుపోయాయి. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేదు, మనిషి మొత్తం తిరగాలి. చర్చిలో "తలలు వంచి ప్రార్థిద్దాం" అంటారు. అందరి తలలూ కిందికి వాలతాయి, మా అమ్మది ఒక్కటీ అలాగే ఉంటుంది. కొత్తగా వచ్చిన పాస్టర్ ఒకరు, సంగతి తెలియక, "కొందరు దేవుని ఎదుట కూడా తల వంచరు" అన్నారు. అందరి ముందూ.

అడిగినా ఇవ్వలేదంటే సరిపెట్టుకునేదాన్ని. ఇచ్చాడు. విషం కలిపి ఇచ్చాడు. అమ్మ ఇప్పటికీ అది ప్రేమే అంటుంది, నాకు మింగుడు పడటం లేదు. ఓదార్పు వద్దు, వాదించండి.

సత్యాన్వేషి:
పూర్వజన్మ కర్మ అమ్మా. అనుభవించక తప్పదు. దేవుడు సాక్షి మాత్రమే.

సాగర్ కాలువ గట్టు:
పైవారికి ఒక్క ప్రశ్న. ఒకే బోరు నీళ్లు తాగిన ఇళ్లవాళ్లంతా పూర్వజన్మలో ఒకే పాపం చేసి, మళ్లీ కూడబలుక్కుని పక్కపక్క ఇళ్లలో పుట్టారా? పంపుకు ఎంత దగ్గరగా ఉంటే అంత పాపమా?

నేను నీటి పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. మన నేల కింద ఉన్నది గ్రానైటు. అందులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. రాతి పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత కరిగించుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. రంగూ రుచీ చూసి పట్టుకోలేం. మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని. పై దేశాల పుస్తకాల్లో కూడా ఆ పేరే ఉంటుంది. పేరు అంత దూరం పోయింది కాని, తేర్చిన నీళ్లు మన ఊళ్లన్నిటికీ చేరలేదు. 1967 నుంచి ఇదే జిల్లాలో సాగర్ కాలువల్లో కృష్ణ పారుతోంది. ఎత్తు మీదున్న మర్రిగూడకు అది ఎక్కలేదు. ఇందులో రాయి ఉంది, వాలు ఉంది, ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చిన మనుషులున్నారు. దేవుణ్ని ఎందుకమ్మా లాగుతారు? నిలదీయవలసింది వాళ్లను.

మర్రిగూడ ఆడపడుచు:
ఒప్పుకుంటాను సార్. మరి మిషన్ భగీరథ నల్లా మా వాకిట్లోకి వచ్చిన రోజు అమ్మ ఆకాశానికి దండం పెట్టింది. మీరు అక్కడుంటే "పైపుకు పెట్టమ్మా" అని ఆమెతో అనగలిగేవారా?

సాగర్ కాలువ గట్టు:
అనలేను. అలాగని నా వాదన తప్పని కాదు.

దేవరకొండ పాస్టర్ కొడుకు:
అక్కా, ముందు ఆ పాస్టర్ అన్న మాటకు నేను సిగ్గుపడుతున్నాను.

బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబును ఓర్పుకు ఉదాహరణగా చెబుతారు. మొదటి రెండు అధ్యాయాల వరకే ఆ ఓర్పు. మూడో అధ్యాయంలో పుట్టిన రోజునే శపిస్తాడు, ఆ తరవాత దేవుణ్ని వ్యాజ్యానికి రమ్మంటాడు. "నువ్వేదో తప్పు చేసే ఉంటావు" అని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నది స్నేహితులు. చివరికి దేవుడికి కోపం వచ్చింది వాళ్ల మీదే. యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదు అన్నాడు. మన తెలుగువాళ్లకు ఇదేమైనా కొత్తా? గోల్కొండ చెరలో రామదాసు, చేయించిన నగల లెక్క చెప్పి మరీ రాముణ్ని దులిపేశాడు. గజేంద్రుడు మొర పెడుతూనే, అసలున్నాడా లేడా అని అనుమానపడ్డాడు. అది విని విష్ణువు సగం దారిలో వెనక్కి పోలేదు. నువ్వు ఇక్కడ పెట్టిన ప్రశ్న కూడా నా లెక్కలో ప్రార్థనే అక్కా.

కురుమూర్తి దారి:
తమ్ముడూ, ఆమె ప్రశ్న అడిగితే దానికి ప్రార్థన అని పేరు పెట్టి పక్కన పెట్టేశావు. జవాబు ఏది? గజేంద్రుడికి చక్రం వచ్చింది, రామదాసుకు విడుదల వచ్చింది, యోబుకు ఆస్తి రెట్టింపయింది. ఏమీ రానివాళ్ల కథ ఎవరు రాశారు?

మాది పాలమూరు. మా నాన్న ముప్పై ఏళ్లు ముంబై, పుణె మట్టి పనులకు పోయాడు. ఎక్కడున్నా కురుమూర్తి జాతరకు దిగేవాడు, ఉద్దాల రోజున, అంటే స్వామి పాదుకలు ఊరేగే రోజున, జనంలో నిలబడి దండం పెట్టేవాడు. ఇన్నేళ్లు మొక్కితే స్వామి ఏమిచ్చాడని ఒకసారి ఎగతాళిగా అడిగాను. "సెలవు ఇచ్చాడు" అన్నాడు. ముందే అడ్వాన్సు తీసుకున్న కూలీని గుంపు మేస్త్రీ పంపడు. బిడ్డకు జ్వరమన్నా పంపేవాడు కాదట, జాతర అంటే పంపేవాడట. ప్రేమ అన్న మాట మా నాన్న నోట నేనెప్పుడూ వినలేదు.

మర్రిగూడ ఆడపడుచు:
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. కర్మ దగ్గర నవ్వింది. యోబు దగ్గర "ఆయనకు మెడ బాగానే ఉందిగా" అంది. సెలవు మాట మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

నీకెప్పుడూ అనుమానం రాలేదా అని అడిగాను. బోరు నీళ్ల సంగతి తెలిసిన ఏడాది రెండు నెలలు ప్రార్థన మానేసిందట. నాకు తెలియనే తెలియదు. మళ్లీ ఎందుకు మొదలుపెట్టావంటే, "రాత్రి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగడానికి నాకు పావుగంట పడుతుంది. మీరంతా నిద్రపోతుంటారు. ఎవరితో మాట్లాడను?" అంది.

నా ప్రశ్నకు ఇది జవాబు కాదని నాకు తెలుసు. వాదన ఆపవద్దు. సార్, ఇంకొకటి. ఆ పాత బోరు ఇంకా పని చేస్తోంది, గేదెలకు ఆ నీళ్లే కొడుతున్నారు. పట్టవచ్చా?

సాగర్ కాలువ గట్టు:
వద్దమ్మా. వాటి ఎముకలకూ పడుతుంది. రేపు ఒకసారి వాటి పళ్లు చూడండి.