ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ఆస్ట్రోఫిజిక్స్ పీహెచ్‌డీయా, బీఎడ్ చేసి డీఎస్సీయా?

చీపురుపల్లి అన్న:
మా చెల్లి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉంది. ఆస్ట్రోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తానని, దాని ప్రవేశ పరీక్ష జెస్ట్‌కి చదువుతోంది. నాన్న మాత్రం బీఎడ్ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, మళ్లీ పడకపోతాయా అని ఆయన ధీమా. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

గజపతినగరం మాస్టారు:
నాన్నగారి మాటే నయం. పీహెచ్‌డీకే ఐదారేళ్లు. ఆ తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, రెండేళ్లు ఒక దేశం, మూడేళ్లు ఇంకో దేశం. ఇంతా చేశాక మన దగ్గర పర్మినెంట్ ఉద్యోగమిచ్చే చోట్లెన్ని? పుణెలో ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, బెంగళూరులో ఐఐఏ, ఆర్‌ఆర్‌ఐ, నైనిటాల్‌లో ఏరీస్ లాంటి పరిశోధన సంస్థలు, ఇంకొన్ని. గుంట చురుకైనదే కావచ్చు, ఖాళీలుండాలి కదా. పెళ్లి సంగతి నేనెత్తను, ఎత్తేవాళ్లు ఊళ్లో చాలామందే ఉంటారు.

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, ఇలా భయపెట్టబట్టే మన వైపు పిల్లలు కదలరు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు విశాఖలోని సొంత అబ్జర్వేటరీ నుంచి చూసి, వివరాలు లండన్ పంపారు అంకితం వెంకట నర్సింగరావు గారు. మనకేం తక్కువ?

గజపతినగరం మాస్టారు:
ఆ అబ్జర్వేటరీ 1840లో వాళ్ల మామగారు గోడే వెంకట జగ్గారావు గారు కట్టించింది బాబూ. వాళ్లు ఆస్తిపరులు, జీతం కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఆమదాలవలస టు పుణె:
పుణెలోనే పీహెచ్‌డీ చేస్తున్నాను. చేసినన్నాళ్లూ డబ్బు గురించి భయం వద్దు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. ఇంట్లో అడగక్కర్లేదు, పొదుపుగా ఉంటే ఎంతో కొంత పంపొచ్చు కూడా. ఆ తర్వాతి ఏళ్ల గురించి మాస్టారు చెప్పింది మాత్రం నిజం, ఆ టెన్షన్ ఇక్కడ అందరికీ ఉంది.

అయితే ముందు తేలాల్సింది చెల్లికి ఈ పని నచ్చుతుందా అని. టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూడటం ఉండదు. నారాయణగావ్ దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. రాత్రంతా వాటిని ఒక గెలాక్సీ వైపు తిప్పితే వచ్చేది ఫోటో కాదు, అంకెల గుట్ట. అందులో గెలాక్సీ సిగ్నల్ కంటే మొబైల్ టవర్లు, కరెంటు లైన్ల గోలే ఎక్కువ. ఏ యాంటెన్నా ఏ నిమిషంలో ఏ ఫ్రీక్వెన్సీలో పాడైందో గ్రాఫులు చూసి కొట్టేయాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టే. దీన్నే ఫ్లాగింగ్ అంటాం. ఎక్కువ కొట్టేస్తే సిగ్నలూ పోతుంది, తక్కువ కొట్టేస్తే ఆ అంకెలతో గీసే ఆకాశం మ్యాప్ నిండా చారలు. వారాల తరబడి ఇదే. పైథాన్ కోడింగ్ అంటే విసుగొచ్చేవాళ్లు ఇటు రాకపోవడమే మేలు.

పాత డేటా ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. చిన్న ఫైల్ ఒకటి దింపుకుని మ్యాప్ చేసి చూడమనండి. అలాగే జెస్ట్ ఒక్కటే కాదు, సీఎస్ఐఆర్ నెట్ కూడా రాయించండి. చదవాల్సింది దాదాపు అదే, పాసైతే లెక్చరర్ అర్హత కూడా చేతిలో ఉంటుంది.

గజపతినగరం మాస్టారు:
నెట్ మాటకి నేనూ ఒప్పుకుంటాను. కానీ అర్హత ఒకటి, పోస్టు ఒకటి. లెక్చరర్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పండి చూద్దాం.

చీపురుపల్లి అన్న:
37,000 సంగతి నాన్నకి చెప్పాను. "మరి ఆరేళ్ల తర్వాత ఏటి?" అన్నారు. నెట్‌కి మాత్రం ఫీజు కట్టమన్నారు. చెల్లి ఫైల్ దింపుకుంటోంది, మా ఊరి సిగ్నల్‌కి రేపటికైనా దిగితే గొప్పే.