పదేళ్లు దాటిన క్రెడిట్ కార్డు మూసేస్తే సిబిల్ స్కోరు పడిపోతుందా?

రాజోలు కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. 2014లో హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు తీసుకున్న కార్డు ఒకటి ఉంది. ఇప్పుడు ఊళ్లోనే ఉంటూ మామయ్యగారితో కలిసి రొయ్యల చెరువు చూసుకుంటున్నాను. ఆ కార్డు గీకి ఎనిమిది నెలలైంది, కానీ ఏటా ఫీజు మాత్రం జీఎస్టీతో కలిపి 590 పడుతోంది. దాని లిమిట్ 1,20,000. ఇంకో రెండు కార్డులున్నాయి, ఒకటి 60,000, ఒకటి 20,000. మేతకీ మందులకీ నెలకి 50,000 దాకా ఆ రెండింటి మీదే గీకుతాను, బిల్లు మొత్తం టైముకి కట్టేస్తాను. సంక్రాంతి వెళ్లాక అమలాపురంలో ఇల్లు కట్టడానికి లోన్ పెట్టాలి. పాత కార్డు తీసేస్తే పదేళ్ల చరిత్ర మొత్తం పోతుందని స్నేహితుడు భయపెట్టాడు. నిజమేనా? ఉంచాలా, తీసేయాలా?

కాలవగట్టు:
మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజమండి. మూసేసిన రోజునే చరిత్ర చెరిగిపోదు. ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని ఇంకా కొన్నేళ్లు క్రెడిట్ రిపోర్టులోనే (మన అప్పులు, కార్డులు ఎలా కడుతున్నామో సిబిల్ లాంటి బ్యూరోలు రాసిపెట్టేది) ఉంటుంది, మీరు టైముకి కట్టిన నెలలు అందులో కనిపిస్తూనే ఉంటాయి. మీకు వెంటనే తగిలేది లిమిట్ దెబ్బ. మూడు కార్డులకీ కలిపి 2,00,000, వాడకం 50,000, అంటే 25 శాతం. పాత కార్డు తీసేస్తే మిగిలేది 80,000, ఖర్చు మాత్రం అదే, ఇప్పుడది 62 శాతం దాటిపోయింది. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టకపోయినా పీకల దాకా వాడేస్తున్నట్టు కనిపిస్తారు. వాడకం 30 శాతం లోపు ఉంచుకోమనేది ఇందుకే.

బిల్లు పూర్తిగా కట్టేస్తున్నాను కదా అనుకోకండి. బ్యాంకు వివరాలు పంపే నాటికి ఎంత బాకీ ఉంటే అదే రిపోర్టుకెక్కుతుంది, 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని నియమం కూడా వచ్చింది. లోన్ పెట్టే ముందు రెండు మూడు నెలలైనా గడువు తేదీ దాకా ఆగకుండా, మేత కొన్న వారంలోనే కట్టేయండి.

ఇంకోటి, ఏడాదికి మించి వాడకపోతే బ్యాంకే మీకు చెప్పి, 30 రోజుల్లో జవాబు రాకపోతే మూసేయొచ్చు. మీకు ఎనిమిది నెలలు అయిపోయాయి. ఈ వారమే గ్యాస్ బుకింగో ఫోన్ రీఛార్జో దాని మీద చేయండి.

కొబ్బరాకు:
మూసేస్తే మాత్రం రాతపూర్వకంగా మూయించండి, నేను పడ్డ బాధ ఇంకొకరు పడకూడదు. అంబాజీపేటలో కొట్టు పెట్టుకున్న కొత్తలో ఒక కార్డుని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి పారేశాను, అంతటితో అయిపోయిందనుకున్నాను. ఫోన్ నంబరు మారడంతో మెసేజులు రాలేదు. వార్షిక ఫీజు పడింది, దాని మీద లేటు ఫీజు, దాని మీద వడ్డీ. రెండేళ్ల తర్వాత వ్యాన్ లోన్‌కి వెళ్తే అక్కడాయన రిపోర్టు నా వైపు తిప్పి చూపించాడు, నెలల గళ్లలో 000 ఉండాల్సిన చోట 030, 060, 090, అంటే గడువు దాటి అన్ని రోజులు కట్టలేదని. చేతులు వణికాయండి. కొంత కట్టి సెటిల్ చేసుకోమన్నారు, నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ‘సెటిల్డ్’ అని పడితే మొత్తం కట్టలేదని అర్థం. పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అని రాయించుకున్నాను.

బాకీ సున్నా ఉంటే, అడిగిన ఏడు పనిదినాల్లో మూయాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో ఉంది, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున బ్యాంకే మనకి ఇవ్వాలి. పోస్టులోనే లెటరు పంపాలని పట్టుబట్టకూడదు కూడా. మూశాక రిపోర్టు తప్పకుండా చూసుకోండి, ఒక్కో బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది.

దాళ్వా రైతు:
అందరికీ ఉంచుకోండనే సలహా ఇవ్వకండి. మా చుట్టాల్లో ఒకతను పంట డబ్బు చేతికొచ్చేదాకా అని మినిమం కట్టుకుంటూ వచ్చాడు, కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం, ధాన్యం అమ్మినా అసలు కదల్లేదు. అలాంటివాళ్లు స్కోరు సంగతి పక్కనపెట్టి బాకీ తీర్చి మూసేయడమే మంచిది, స్కోరు మళ్లీ పెరుగుతుంది. మీది ఆ పరిస్థితి కాదు. మూడు కార్డులు బరువనిపిస్తే ఆ 20,000 ది తీసేయండి, వాడకం 28 శాతం లోపే ఉంటుంది. అదైనా లోన్ డబ్బు చేతికొచ్చాకే.

రాజోలు కుర్రాడు:
చాలా థాంక్సండి, ఎన్నాళ్ల టెన్షనో తీరింది. పొద్దున్నే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. తీసేస్తానని చెప్పేసరికి ఫీజు లేని కార్డుకి మారుస్తామన్నారు. ఖాతా 2014 దే కొనసాగుతుందా, కొత్తది తెరుస్తారా అని అడిగితే ఆ అమ్మాయి సరిగ్గా చెప్పలేకపోయింది, అందుకే మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేదాకా దేనికీ ఒప్పుకోను. గ్యాస్ మాత్రం ఇందాకే ఆ కార్డు మీద బుక్ చేశాను.