శంషాబాద్ నుంచి డల్లాస్‌కి అసలు ఎన్ని గంటలు?

ప్రశ్న (ఖమ్మం):
అందరికీ నమస్తే. మా అమ్మ వచ్చే నెల అక్క డెలివరీకని డల్లాస్ వెళ్తోంది, ఫ్లైట్ ఎక్కడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కతే. టికెట్ దుబాయ్ మీదుగా. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:10కి డల్లాస్‌లో దిగుతుందని ఉంది, పన్నెండు గంటలే కదా అని నేను ఇంట్లో చెప్పేశా, మా బాబాయేమో కాదురా దగ్గరదగ్గర ఒక రోజు పడుతుంది అంటున్నారు. అమ్మకి షుగరు, పొద్దున ఒక మాత్ర రాత్రి ఒక మాత్ర, అందుకే కరెక్టుగా తెలియాలి. దూరం ఎంత, గాల్లో ఎన్ని గంటలు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు (ఫ్రిస్కో, డల్లాస్ పక్కన):
మీ బాబాయి చెప్పిందే నిజం తమ్ముడూ. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. డల్లాస్ ఇప్పుడు మనకంటే పదిన్నర గంటలు వెనక, నవంబరులో ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక పదకొండున్నర. నీ పన్నెండు గంటలు సరిగ్గా లెక్కేస్తే 11 గంటల 50 నిమిషాలు, దానికి ఆ పదిన్నర కలుపు, 22 గంటల 20 నిమిషాలు తేలుతుంది. దుబాయ్‌కి ఓ నాలుగు గంటలు, అక్కడ రెండుంపావు అలా ఆగడం, మిగతా పదహారు గంటలు ఒక్క బిగిన గాల్లోనే. దూరం చూస్తే దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి డల్లాస్‌కి 12,900. తిరుగు ప్రయాణంలో ఆ పదహారు కాస్తా పదిహేను లోపుకి కూడా వస్తుంది, ఎందుకంటే పైన పడమర నుంచి తూర్పుకి గాలి గట్టిగా వీస్తుంది, వచ్చేప్పుడు తోస్తుంది, వెళ్ళేప్పుడు ఎదురొస్తుంది.

జవాబు (హైదరాబాద్):
ఒక గ్లోబు తీసుకుని హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దారం బిగించి లాగి చూడండి, దారం యూరప్ వైపు పోదు, నేరుగా పైకెళ్ళి ఉత్తర ధ్రువం పక్కనుంచి అటు దిగుతుంది. ఆ లెక్కన 14,400 కిలోమీటర్లే, కానీ డైరెక్ట్ ఫ్లైట్ లేదు కాబట్టి దుబాయ్ మీదుగా ఇంకో వెయ్యి ఎక్కువ. అమ్మగారికి భయంగా ఉంటే ఇది చెప్పండి, 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి డైరెక్ట్ ఫ్లైట్‌ని ధ్రువం మీదుగా తెచ్చిన పైలట్లందరూ ఆడవాళ్ళే.

జవాబు (విజయవాడ):
పోయినేడు మా అమ్మని ఇలాగే పంపాం. పొద్దున ఎక్కితే దారంతా వెలుతురే, కిటికీలు మూసేసి లైట్లు తీసేస్తారు, పగలో రాత్రో తెలీదు. మా అమ్మ చేతి వాచీ ఇండియా టైంలోనే ఉంచేసుకుంది, మా డాక్టరు గారు ఆ టైం ప్రకారమే వేసుకోమన్నారు, మీరూ ఒకసారి మీ డాక్టర్ని అడగండి. మాత్రలు, చీటీ చేతిసంచిలోనే పెట్టండి, చెక్-ఇన్ పెట్టెలో వద్దు. వీల్‌చైర్ ముందే అడగండి, నడవలేకపోతేనే అని కాదు, దుబాయ్‌లో ఆ రెండు గంటల్లో గేటు వెతుక్కోవడం వాళ్ళకి కష్టం.

ఖమ్మం:
అందరికీ చాలా థాంక్స్. వీల్‌చైర్ పెట్టించాను. డాక్టరమ్మ కూడా ఇండియా టైమే అన్నారు. రెండు చిన్న కవర్ల మీద "పొద్దున 8", "రాత్రి 8" అని పెద్దక్షరాలతో రాసి మాత్రలు వేశా, అమ్మ అప్పుడే వాటిని పసుపు డబ్బా పక్కన హ్యాండ్‌బ్యాగులో సర్దేసుకుంది.